కులం లేని క్రైస్తవుడు, మతం లేని దళితుడు: తెలుగు తెరపై మన రూపం

అంతియొకయలో శిష్యులు తమకు తాము పేరు పెట్టుకొనలేదు. అపొస్తలుల కార్యములు 11:26లోని ‘ఖ్రిస్తియానోస్’ అనే మాటకు ఉన్నది లాటిను ప్రత్యయం. హేరోదు పక్షమువారిని హేరోదీయులన్నట్లే క్రీస్తు అనేవాని పక్షమువారిని క్రైస్తవులన్నారు. ఇది బయటివారు పెట్టిన పేరని వ్యాఖ్యాతలలో ఎక్కువమంది అభిప్రాయం. క్రొత్త నిబంధన అంతటిలో ఈ మాట మూడుసార్లే కనిపిస్తుంది. రెండవసారి అది అగ్రిప్ప నోటి నుండి వస్తుంది. మూడవసారి, శ్రమలను గూర్చి వ్రాస్తూ పేతురు దానిని వాడుతాడు (1 పేతురు 4:16). అక్కడ మాత్రమే ఒక విశ్వాసి ఆ పేరును సిగ్గుపడకుండా తన చేతిలోనికి తీసికొన్నాడు. ఒక సమూహం తన్ను తాను ఏమని తలంచుకొంటుందో అందులో ఇతరులు దానిని ఏమని పిలిచారన్నది కలిసిపోయి ఉంటుంది. మన కాలంలో ఆ పిలుపు వీధిలోకంటె ఎక్కువగా సినిమా తెరమీద, పత్రికలో, టెలివిజనులో వినబడుతుంది.

సినిమావారు మనలను ఎగతాళి చేస్తున్నారని మన సంఘాలలో తరచు విన్నాము. వినతిపత్రాలు కూడ ఇచ్చాము. ఎగతాళిని గుర్తుపట్టడం సులభమే. గౌరవంగా, ప్రేమగా తీసిన చిత్రాలలో మన రూపం ఎలా మారిపోయిందో గుర్తుపట్టడం కష్టం. ఈ వ్యాసం చెప్పదలచినది ఒక్కటే. తెలుగు తెర క్రైస్తవుణ్ణి చూపినప్పుడు కులం లేనివానిగా చూపింది, దళితుణ్ణి చూపినప్పుడు క్రైస్తవ విశ్వాసం సోకనివానిగా చూపింది. తెలుగు క్రైస్తవులలో అధిక సంఖ్యాకులు ఈ రెండూ అయినవారు. అంటే ఎక్కువమంది ఉన్నచోటే తెర ఖాళీగా ఉంది. ఆ ఖాళీని మన సంఘాలు కూడ ఖాళీగానే ఉంచుకొన్నాయి.

మేరీ ఎవరి కూతురు?

‘మిస్సమ్మ’ 1955లో వచ్చింది. విజయా సంస్థ నిర్మించింది, ఎల్.వి. ప్రసాద్ దర్శకుడు. తెలుగువారు తరతరాలుగా ఇష్టపడి చూస్తున్న చిత్రాలలో ఇది ఒకటి. ఇది నాకు కూడ ఇష్టమైన చిత్రమని మొదటే చెప్పడం మంచిది. సావిత్రి ధరించిన మేరీ పాత్రలో వెకిలితనం లేదు. చదువుకొన్నది, కోపిష్టి, ఆత్మాభిమానం గలది. క్రైస్తవ యువతిని ఇంత నిండుగా చూపిన తెలుగు చిత్రాలు నేను చూచినంతలో అరుదు.

అసలు ‘మిస్సమ్మ’ అనే మాట మన పల్లెలలో ఎవరిని సూచించేదో పాత విశ్వాసులకు తెలుసు. పెండ్లి చేసికొనకుండ వచ్చి ఆసుపత్రులు, బాలికల పాఠశాలలు నడిపిన మిషనరీ స్త్రీలు మిస్సమ్మగార్లు. నేడు ఆ మాట వింటే ఎవరికైనా గుర్తుకు వచ్చేది సావిత్రి ముఖం. ఒక్క చిత్రం ఒక మాట అర్థాన్ని ఎంతగా మార్చగలదో దీనిని బట్టి గ్రహించవచ్చు.

కథ తెలిసినదే. జమీందారు పాఠశాలలో పని చేయడానికి చదువుకొన్న భార్యాభర్తలు కావాలి. ఉద్యోగం లేని రావు, అప్పుల బాధలో ఉన్న మేరీ హిందూ దంపతులుగా నటిస్తూ అక్కడికి వెళ్తారు. ఆమెకు బొట్టు పెట్టుకొనడం ఇష్టం లేదు. ఆ ఇంటివారి ఆచారాలు ఆమెకు చిరాకు. ఆమెను పెండ్లాడతానని వెంటపడే అప్పులవాడి పేరు డేవిడ్. చివరకు తేలేదేమిటి? మేరీ క్రైస్తవురాలిగా పెరిగినది మాత్రమే. చిన్ననాడు తప్పిపోయిన జమీందారు కూతురు మహాలక్ష్మి ఆమె. పుట్టుమచ్చ సాక్ష్యం చెప్పింది. ముడి విడిపోయింది, పెండ్లికి అడ్డు తొలగిపోయింది.

ఇందులో క్రైస్తవులను ద్వేషించిన మాట ఒక్కటీ లేదు. పెంచిన తల్లిదండ్రులు మంచివారు. మేరీ మరియమాతను వేడుకొనే పాటను నేటికీ ఆదరంతో వింటారు. అయినా కథ నడిచిన తీరును గమనించాలి. ప్రేక్షకుడు మేరీని ప్రేమించిన తరువాత, ఆ ప్రేమను నిలబెట్టడానికి ఆమె విశ్వాసాన్ని ఒక ప్రమాదంగా, పుట్టుకను సత్యంగా తేల్చవలసి వచ్చింది. ఎవరి ఇంట పుట్టిందో తేలితే ఆమె ఎవరో తేలినట్లే. ఆమె ఇరవై ఏండ్ల ప్రార్థన ఏమైందని ఎవరూ అడుగరు. మహాలక్ష్మి ఆదివారం ఉదయం ఏమి చేస్తుందని అడిగే ప్రేక్షకుణ్ణి నేనింతవరకు చూడలేదు.

మరొక సంగతి. మేరీ క్రైస్తవ్యం ఎక్కడిది? ఏ పేటది? 1955 నాటికి ఒంగోలు, గుంటూరు, దోర్నకల్, మెదక్ ప్రాంతాలలో మాల మాదిగ పల్లెలు ఊళ్లకు ఊళ్లుగా క్రైస్తవమై రెండు మూడు తరాలు గడిచాయి. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ సంఘాలలో మరియమాతకు పాట లేదు. ఆడవారు ఒక ప్రక్క, మగవారు ఒక ప్రక్క చాపలమీద కూర్చుండి తాళాలతో కీర్తనలు పాడుకొనే సంఘాలవి. చిత్రంలో ఈ లోకం జాడ లేదు. మేరీది ఏ కులమూ కాదు, చివరిలో జమీందారుది అయ్యేంతవరకు.

ఆ తరువాతి చిత్రాలలో రోజీలు, లిల్లీలు, పీటర్లు వచ్చారు. గౌను వేసికొన్న గుమాస్తా అమ్మాయి, సారా సీసాతో ఉన్న పీటరు మామ, తెల్లని అంగీలో ఫాదరు. వీరిని గూర్చి ఎక్కువ వ్రాయనక్కరలేదు. వీరు హిందీ సినిమా బొంబాయి వీధులలో నుండి తెచ్చుకొన్న మనుష్యులు, తెలుగు పల్లెలలో ఎన్నడూ లేరు.

ఆలోచింపజేసేవి ప్రేమకథలు. భారతీరాజా ‘సీతాకోకచిలుక’ (1981) ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందింది. అందులో అబ్బాయి బ్రాహ్మణుడు, అమ్మాయి కరుణ క్రైస్తవురాలు. చివర ఆయన జంధ్యం, ఆమె సిలువ రెండూ తీసివేస్తారు. నలుబది ఏండ్ల తరువాత 2022లో వచ్చిన ‘అంటే సుందరానికీ’లో మరల అబ్బాయి బ్రాహ్మణుడు, అమ్మాయి లీలా థామస్. ఆ పేరుకూ ఆ పాత్ర ధరించిన నటికీ కేరళ వాసనే. రెండవది మర్యాద తెలిసిన చిత్రం, ఇరువైపుల పెద్దల పట్టుదలలను సమానంగానే నవ్వుతుంది. అయితే రెండు చిత్రాలలోను ఎదురెదురుగా నిలబెట్టినది ఎవరిని? బ్రాహ్మణుణ్ణి, కులం చెప్పని క్రైస్తవురాలిని. అప్పుడు సమస్య రెండు మతాలది అవుతుంది. జంధ్యానికి సిలువ సమఉజ్జీ అవుతుంది. మన ఊళ్లలో ఒక క్రైస్తవ యువకుడు పై కులపు అమ్మాయిని ప్రేమించినప్పుడు ఆమె పెద్దలు మొదట అడిగేది బైబిలును గూర్చి కాదని ప్రతి కాపరికీ తెలుసు.

మాలపల్లెలో గుడి ఎవరిది?

ఇక రెండవ సగం. గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ (1938) ధైర్యం గల చిత్రం. చలం కథ, తాపీ ధర్మారావు మాటలు. మాలపిల్లను కథానాయికగా నిలబెట్టి బ్రాహ్మణ యువకుని ఆమె ప్రేమలో పడవేసింది. ఆ రోజులకు అది చిన్న మాట కాదు. ఆ చిత్రంలో హరిజనుల పోరాటం దేవాలయ ప్రవేశం కొరకు. గాంధీజీ హరిజనోద్యమం నుండి వచ్చిన చిత్రం గనుక అది సహజమే. కాని అదే సంవత్సరంలో కోస్తా జిల్లాలలో ఎన్నో మాలపల్లెల నడుమ ప్రార్థన మందిరం ఉంది, అందులో రాత్రి బడి ఉంది, పలక పట్టిన పిల్లలున్నారు. ఊరి గుడి తలుపులు తెరిచేవరకు వారు ఆగలేదు. తెరమీది మాలవాడు గుడి ముందు నిలబడి ఉన్నాడు. వాని ప్రార్థన మందిరం తెరకు ఎక్కలేదు.

పత్రికలలోనూ ఇదే జరిగింది. 1985 జూలై 17న కారంచేడులో మాదిగలపై దాడి జరిగి ఆరుగురు చనిపోయారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది మాలలను చంపారు. ఆ పల్లెలలో అనేక కుటుంబాలు తరాలుగా సంఘాలకు చెందినవి. వార్తలలో మొదట ‘హరిజనులు’ అన్నారు, ఉద్యమం బలపడిన తరువాత ‘దళితులు’ అన్నారు. ఈ రెండవ పేరు వారు తామే ఎంచుకొన్నది గనుక నేను దానిని గౌరవిస్తాను. అయితే హతులైనవారి విశ్వాసం కథలో భాగం కాలేదు. మనవైపు కూడ ఇదే లోపం, తలక్రిందులుగా. సంఘం వారిని విశ్వాసులుగా ఎంచి ప్రార్థించింది గాని, వారు చంపబడినది కులం కొరకని ప్రసంగ వేదికమీద నుండి ఎంతమంది చెప్పారు? పత్రిక సగం మనిషిని చూచింది, మనము మిగిలిన సగాన్ని చూచాము.

కాగితం మీద మహాలక్ష్మి

సినిమా ఒంటరిగా ఈ పని చేయలేదు. 1950లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోని మూడవ పేరా ప్రకారం, హిందూ మతం కాక వేరే మతాన్ని అవలంబించేవారు షెడ్యూల్డు కులంవారుగా ఎంచబడరు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఇందులో చేర్చారు. క్రైస్తవులు బయటనే ఉన్నారు. మన రాష్ట్రంలో వారికి బి.సి.–సి అనే వర్గం ఇచ్చారు, దానికి ఒక శాతం. మతంతో నిమిత్తం లేకుండా ఈ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషను 2007లో సిఫారసు చేసినా అది అమలు కాలేదు.

దీని ఫలితం జనగణనలో చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో 4.19 శాతం, సుమారు 18 లక్షలు. 1981లో 2.68, 1991లో 1.83, 2001లో 1.55. 2011లో 1.34 శాతం, సుమారు 11 లక్షల 30 వేలు. ఈ నలుబది సంవత్సరాలలో మందిరాలు తగ్గాయా, పెరిగాయా? ఊరూరా తిరిగే ఏ బోధకుడైనా జవాబు చెప్పగలడు. ఆదివారం ఏస్తేరు, బడి రిజిస్టరులో వెంకటలక్ష్మి. ‘మిస్సమ్మ’లో మేరీ ఒకసారి మహాలక్ష్మి అయింది. మన పల్లెలలో ప్రతి జూన్ నెలలో, బడి ప్రవేశాల కాలంలో, మేరీలు మహాలక్ష్ములవుతారు.

కాగితంమీద తన పేరు వ్రాసికొనలేని సమూహానికి అద్దం ఎక్కడ దొరుకుతుంది? తెరమీద దొరుకుతుంది. అందుచేతనే తెరమీది క్రైస్తవుని రూపం మన విషయంలో ఇంత బలంగా పనిచేసింది. పెండ్లికూతురికి తెల్లని గౌను, మందిరానికి కోసు గోపురం, పిల్లలకు ఇంగ్లీషు పేర్లు ఇవన్నీ మిషనరీల నుండి వచ్చాయని అంటాము. కొంత నిజమే. మిషనరీలు వెళ్లిపోయి అరువది ఏండ్లయినా అవి తగ్గకుండా పెరగడానికి కారణం మాత్రం వేరే వెదకాలి. క్రైస్తవుడంటే ఇలా ఉంటాడని తెర చూపింది. అలా కనిపిస్తే కులం కనిపించదని మనము నేర్చుకొన్నాము. దానిని అజ్ఞానమని కొట్టివేయలేము. అవమానం నుండి తప్పించుకొనడానికి పేదవాడు కనుగొన్న ఒక త్రోవ అది.

కరుణామయుడు

1978లో వచ్చిన ‘కరుణామయుడు’ను వేరుగా చెప్పుకోవాలి. విజయచందర్ యేసుగా నటించాడు, భీంసింగ్ దర్శకుడు. గుంటూరు ప్రాంతపు క్రైస్తవ రచయిత మోదుకూరి జాన్సన్ మాటలు వ్రాశాడు. సిలువ మోసే ఘట్టంలోని పాట కూడ ఆయనదే. ఆ పాటను శుభ శుక్రవారం పాడని తెలుగు సంఘం తక్కువ. థియేటరులో ఆడిన తరువాత ఈ చిత్రాన్ని ప్రొజెక్టర్లతో పల్లెలకు తీసికొని వెళ్లి, ఆరుబయట తెర కట్టి చూపారు. హిందీలో ‘దయాసాగర్’ అనే పేరుతో ఉత్తర భారతమంతా తిరిగింది.

ఇది పౌరాణిక చిత్రపు పోకడలో తీసినదని కొందరు వేదాంత పండితులు ముఖం చిట్లిస్తారు. నాకు ఆ అభ్యంతరం లేదు. రాముణ్ణి, కృష్ణుణ్ణి తెరమీద చూచిన ప్రజలకు ఆ భాషలోనే యేసును చూపాలి. అంతకంటె ముఖ్యం, ఊరివారు, పేటవారు ఒకే వరుసలో టిక్కెట్టు కొని మన ప్రభువు కథ చూచారు. పేటలోని విశ్వాసికి అది ఎంతటి గౌరవమో ఆ తరంవారిని అడిగితే చెప్తారు.

అయినా ఒక కొరత ఉంది. ఆ చిత్రంలో క్రీస్తు ఉన్నాడు, తెలుగు క్రైస్తవుడు లేడు. కథ మొదటి శతాబ్దపుది గనుక ఉండనక్కరలేదు, నిజమే. కాని నజరేతు నుండి మంచిదేదైనా రాగలదా అన్న నతనయేలు ప్రశ్న (యోహాను 1:46) ఒక పల్లెను గూర్చిన ప్రశ్న. ఆ ప్రశ్న మనకు చాల తెలిసినది, ఆ పల్లెనుండి మంచిదేమి వస్తుందని మన ఊళ్లలో అనని రోజు లేదు. తెరమీది తెల్లని, మృదువైన కరుణామయునిలో ఆ వడ్రంగి చేతులు, ఆ గలిలయ యాస కనిపించవు. అదే నటుడు 1986లో షిర్డీ సాయిబాబాగా కనిపించినప్పుడు ప్రేక్షకులకు ఇబ్బంది కలుగలేదు. దయగల ముఖం దయగల ముఖమే. ప్రజలు దానికి నమస్కరించారు. ఆ ముఖం ఏ పేటలో పుట్టిందని అడిగే అవసరం వారికి కలుగలేదు.

మన పోస్టర్లు

ఇప్పుడు తెర మన చేతిలోనే ఉంది. క్రైస్తవ టెలివిజను ఛానళ్లున్నాయి, కూడికలకు నిలువెత్తు ఫ్లెక్సీలున్నాయి. ఏమి చూపుతున్నాము? ఒక పై కులం పేరు చెప్పి, ఆ కుటుంబంలో పుట్టి రక్షణ పొందిన దైవజనుడని వ్రాసిన పోస్టరు చూడనివారెవరు? ఆ సహోదరుల సాక్ష్యం నిజమైనది, వారు విడిచిపెట్టినది చిన్నది కాదు. నా ప్రశ్న పోస్టరు అచ్చువేసిన సంఘానికి. మాదిగపల్లెలో పుట్టిన ప్రసంగీకుని ఫ్లెక్సీమీద ఆయన పుట్టుక ఎందుకు వ్రాయము? ‘మిస్సమ్మ’ చివరి ఘట్టంలో మేరీ విలువ ఆమె పుట్టుకతో తేలింది. మన మహాసభల పోస్టరుమీద ప్రసంగీకుని విలువ కూడ పుట్టుకతోనే తేలుతున్నది. సినిమా వ్యాపారం కొరకు చేసిన దానిని మనము సువార్త కొరకు చేస్తున్నామంటే అది ఏ విధంగా మేలు?

పూర్తి మనిషిని చూపినవారు లేకపోలేదు. వారు సాహిత్యంలో ఉన్నారు. ‘గబ్బిలం’ వ్రాసిన జాషువాయే ‘క్రీస్తు చరిత్ర’ కూడ వ్రాశాడు, 1964లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పాఠ్యపుస్తకాలు మొదటి జాషువాను తీసికొన్నాయి, మన సంఘాలు రెండవ జాషువాను అప్పుడప్పుడు తలంచుకొంటాయి. జి. కళ్యాణరావు నవల ‘అంటరాని వసంతం’లో పల్లె, ఆకలి, మతమార్పు, సంఘంలోపల కులం అన్నీ ఒకే కుటుంబం కథలో వస్తాయి. మద్దూరి నగేష్‌బాబు దళిత క్రైస్తవుని కోపాన్ని ప్రార్థన రూపంలోనే వ్రాశాడు. మన సంఘాన్ని ఆయన వదలలేదు, చదివినవారికి నొప్పి కలుగుతుంది. వేదాంత కళాశాలల గ్రంథాలయాలలో జర్మను వ్యాఖ్యాతల ప్రక్కన ఈ పుస్తకాలకు చోటు ఉండాలని నా అభిప్రాయం.

పోలికా, మనిషా?

యోహాను 9వ అధ్యాయాన్ని మనము స్వస్థత కొరకు ప్రసంగిస్తాము. ఈ విషయం మనస్సులో ఉంచుకొని 8 నుండి 23 వరకు మరల చదవండి. పుట్టు గ్రుడ్డివాడు చూపు పొందాడు. ఇరుగుపొరుగువారు వీడే అని కొందరు, కాడు, వీనిని పోలినవాడని మరికొందరు వాదించుకొన్నారు. వారు వానిని ఇన్నాళ్లు ఎరిగినది ఒక్క రూపంలోనే. వాడు కూర్చుండి భిక్షమెత్తేవాడు. ఆ బొమ్మ చెదరగానే మనిషిని గుర్తుపట్టలేకపోయారు. వాదం అంతా పోలికను గూర్చి. అప్పుడు వాడు తానే నోరు విప్పి నేనే అన్నాడు. గ్రీకులో ఆ మాట ‘ఎగో ఎయిమి’. ఈ సువార్తలో ప్రభువు నోట ఎంతో బరువుతో వచ్చే మాటలనే యోహాను ఈ బిచ్చగాని నోట ఉంచాడు.

తరువాత తల్లిదండ్రులను పిలిచారు. మా కుమారుడే, గ్రుడ్డివాడై పుట్టినమాట నిజమే, మిగిలినది వానినే అడగండి అన్నారు. సమాజమందిరంలో నుండి వెలివేస్తారన్న భయం వారిని అలా మాట్లాడించిందని యోహాను చెప్పుతాడు గాని వారిని నిందించడు. బడి గుమాస్తా ముందు నిలబడి, పిల్లవాని మతం ఏమని అడిగితే క్షణం ఆగి జవాబు చెప్పే తల్లిని నేను ఈ వచనాలలో చూస్తాను. ఆమెను వేదికమీద నుండి గద్దించే కాపరులున్నారు. వారు 22వ వచనం దగ్గర కొంతసేపు ఆగితే బాగుండును. వెలివేయబడిన కుమారుణ్ణి వెదకి కనుగొన్నది యేసు (35వ వచనం). తల్లిదండ్రుల ఇంటికి ఎవరు వెళ్లారో సువార్త చెప్పదు. అది సంఘం పని అని నేను అనుకొంటాను.

2027 జనగణనలో కులాన్ని కూడ లెక్కిస్తామని కేంద్ర ప్రభుత్వం 2025లో ప్రకటించింది. ఒకే గుమ్మంలో మతమూ కులమూ అడుగుతారు. ఈలోగా వేదాంత విద్యార్థులు చేయదగిన పని ఒకటున్నది. పాత మిషను సంఘాలలో బాప్తిస్మపు రిజిస్టర్లు చెదలు పట్టి పోతున్నాయి. వాటిలో మునుపటి పేరు, క్రొత్త పేరు, తండ్రి పేరు, పల్లె పేరు వ్రాసి ఉంటాయి. కొన్నిచోట్ల కులం కూడ. ఫోటోలు తీసి, నకళ్లు చేసి కళాశాలకు తేవచ్చు. ప్రసంగాల ప్రాజెక్టుకు ఇచ్చే మార్కులలో కొన్ని దీనికి ఇస్తే ఒక సంవత్సరంలో ఒక జిల్లా పూర్తవుతుంది. ఎవరో ఒకరు సినిమా తీయదలచినా, నవల వ్రాయదలచినా, మేరీ ఏ పేటదో, ఆమె తాత ఏ ఏట ఏ వాగులో మునిగి లేచాడో ఆ పుటలలో ఉంది.